జర్మనీ షేర్డ్ ఫ్లాట్‌లో మొదటి నెల: మాట పడకుండా గడపడం ఎలా?

అక్టోబరు, ఏప్రిల్ వచ్చాయంటే చాలు, కొత్తగా జర్మనీలో దిగిన పిల్లల నుంచి ఒకే రకం మెసేజ్‌లు మొదలవుతాయి. "అన్నా, ఫ్రిజ్ మీద చీటీ అంటించారు, కోపమొచ్చిందంటావా?" "అన్నా, ఆదివారం వాషింగ్ మెషిన్ వేస్తే కింద ఫ్లాట్ ఆవిడ పైకొచ్చి అరిచింది, నేనేం చేశానని?" "మా చెత్త డబ్బా ఖాళీ చేయకుండానే వెళ్లిపోయారు, ఎవరికి చెప్పాలి?" అందరికీ ఒకేచోట జవాబు ఉంటే నయమని ఇది రాస్తున్నాను.

ఇది జర్మనీకే. స్పెయిన్‌లోనో ఇటలీలోనో చదువుతున్నవాళ్లకు ఇందులో సగం పనికిరాదు. ఇది ముఖ్యంగా వేగే గురించి, అంటే ముగ్గురు నలుగురు స్టూడెంట్లు ఒక వంటగది, ఒక బాత్రూమ్ పంచుకునే ఫ్లాట్ల గురించి. మనవాళ్లే నలుగురు కలిసి ఉంటున్నా చాలావరకు వర్తిస్తుంది, ఎందుకంటే కింద, పక్కన ఉండేవాళ్లు మనవాళ్లు కారు కదా.

మొదలుపెట్టే ముందు ఒక్క సంగతి. ఇక్కడ మీ మొహం చూసి ఎవరూ ఏదీ గ్రహించరు. నోరు విప్పి చెప్పని మాట లేనట్టే లెక్క. అలాగే ఇక్కడివాళ్లు మొహం మీదే "ఇది తప్పు" అంటారు, ఐదు నిమిషాల తర్వాత కాఫీ కావాలా అని అడుగుతారు. అది పగ కాదు.

కావలసినవి

- ఇంటి నియమాల కాగితం, హౌస్‌ఓర్డ్‌నుంగ్ అంటారు. కాంట్రాక్టుతో పాటు ఇస్తారు, లేదా కింద మెట్ల దగ్గర గోడకు ఉంటుంది. ఫొటో తీసి ట్రాన్స్‌లేట్ చేసుకోండి. నేను చెప్పినదానికీ దానికీ తేడా వస్తే దానిదే చెల్లుబాటు.
- మీ ఊరి చెత్త క్యాలెండర్, అంటే ఏ రోజు ఏ డబ్బా ఖాళీ చేస్తారో చెప్పేది. మునిసిపాలిటీ వెబ్‌సైట్‌లో మీ వీధి పేరు కొడితే వస్తుంది.
- టాయిలెట్‌లో కడుక్కోవడానికి ఒక జగ్గు, లేదా చేత్తో నొక్కే చిన్న బిడే సీసా.
- ఇంట్లో వేసుకునే చెప్పులు, నేల తుడిచే గుడ్డ, చిన్న వైపర్.
- మీ సొంత మూకుడు, గరిట, మూత గట్టిగా పడే డబ్బాలు.
- హాఫ్ట్‌ఫ్లిష్ట్ ఇన్సూరెన్స్, అంటే మీ వల్ల ఇతరులకు జరిగే నష్టాన్ని భరించేది. తాళంచెవి పోవడం అందులో కవరవుతుందో లేదో తీసుకునే ముందే అడగండి.

1. మొదటి రోజే పేరు, తాళం, కాగితం చూసుకోండి

సామాన్లు విప్పకముందే కింద పోస్టు డబ్బా మీద, కాలింగ్ బెల్ దగ్గర మీ పేరు పడిందో లేదో చూడండి. చాలా ఇళ్లకు ఫ్లాట్ నంబర్లుండవు, డబ్బా మీద పేరు చూసే ఉత్తరం వేస్తారు. పేరు లేకపోతే బ్యాంకు పిన్, హెల్త్ ఇన్సూరెన్స్ కార్డు వచ్చిన దారినే వెనక్కి పోతాయి. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు ఒకరికి సర్‌నేమ్ గడిలో, ఇంకొకరికి గివెన్ నేమ్ గడిలో ఉంటుంది. మీ పాస్‌పోర్టు సర్‌నేమ్ గడిలో ఏది ఉందో అదే డబ్బా మీద రాయండి. ఆ గడి ఖాళీగా ఉన్నవాళ్లు పూర్తి పేరు రాయండి.

హెచ్చరిక: చాలా తలుపులకు బయట తిరిగే పిడి ఉండదు. చెత్త పడేసి వద్దామని తాళంచెవి లేకుండా అడుగు బయటపెట్టి తలుపు లాగారంటే బయటే ఉండిపోతారు. తాళం తీసేవాణ్ని పిలిస్తే, అందులోనూ రాత్రిపూట, ఆదివారం పిలిస్తే జేబుకు పెద్ద చిల్లే. అందరూ అంగీకరిస్తే రెండో తాళంచెవి దగ్గర్లో ఉండే ఫ్రెండ్ దగ్గర ఉంచండి.

ఇల్లు మారిన రెండు వారాల్లో ఆ అడ్రస్ నమోదు చేయించుకోవాలి, అదే ఆన్‌మెల్డుంగ్. దానికి ఇంటి ఓనరు సంతకం చేసిన కాగితం కావాలి, అద్దె కాంట్రాక్టు ఒక్కటే చాలదు. పెద్ద ఊళ్లలో అపాయింట్‌మెంట్ దొరకడం కష్టం కాబట్టి అడ్రస్ ఖాయమైన రోజే బుక్ చేయండి, బుకింగ్ మెయిల్ దాచుకోండి. నమోదైన కొన్నాళ్లకు టీవీ-రేడియో రుసుము కట్టమని ఉత్తరం వస్తుంది, నెలకు 18.36 యూరోలు. "మా ఇంట్లో టీవీ లేదు" అంటే కుదరదు. కానీ అది మనిషికి కాదు, ఇంటికి. ఫ్లాట్‌మేట్ ఇప్పటికే కడుతుంటే వాళ్ల రుసుము ఖాతా నంబరు రాసి జవాబివ్వండి, మీ వాటా వాళ్లకివ్వండి. ఉత్తరాన్ని మాత్రం పక్కన పడేయకండి.

2. బాత్రూమ్ నేల తడపకండి

గొడవలు ఎక్కువగా ఇక్కడే మొదలవుతాయి, ఎవరూ ముందుగా చెప్పరు. మన బాత్రూముల్లో ఎన్ని నీళ్లు పోసినా తూములోకి పోతాయి. ఇక్కడ చాలావాటిలో షవర్ గడి లోపల తప్ప నేలకు తూమే ఉండదు. బయట పోసిన నీళ్లు టైల్స్ సందుల్లోంచి దిగి కింద ఫ్లాట్ సీలింగ్‌కు మరకలు పెడతాయి. ఆ బిల్లు మీకే.

- బకెట్ స్నానం చేయాలనుకుంటే షవర్ గడి లోపలే. కర్టెన్ అయితే దాని అంచు తొట్టి లోపలికి వేలాడాలి.
- టాయిలెట్‌లో జగ్గు వాడుకోవచ్చు, ఎవరూ కాదనరు. తర్వాత సీటు, నేల పొడిగా తుడవండి. ఆ జగ్గు మీ గదిలో పెట్టుకుంటే అదెందుకు అన్న ప్రశ్నలు తప్పుతాయి.
- టాయిలెట్ పేపర్ కమోడ్‌లో వేసి ఫ్లష్ చేయొచ్చు. వెట్ వైప్స్ మాత్రం వేయొద్దు, ప్యాకెట్ మీద ఏమి రాసి ఉన్నా సరే.
- మగపిల్లలకు: చిన్నపనికి కూడా కూర్చోవాలి. చాలా ఫ్లాట్లలో ఇది ఖచ్చితమైన నియమం, కొన్నిచోట్ల బొమ్మ వేసి మరీ అంటిస్తారు.
- స్నానం అయ్యాక గాజు తలుపు, టైల్స్ వైపర్‌తో ఒకసారి లాగండి. చాలా ఊళ్ల నీళ్లలో సున్నం ఎక్కువ, ఎండితే తెల్లటి పొర కడుతుంది. తూములో జుట్టు తీసేయండి.

సరిచూసుకోవడం: మీరు బయటికొచ్చాక సాక్సు వేసుకుని లోపలికెళ్లినవాళ్ల సాక్సు తడవకూడదు. ఇదే పరీక్ష.

3. తాలింపు వేసే ముందు తలుపు మూయండి

వంటగది తలుపు మూసి, కిటికీ బార్లా తెరవండి. మనవాళ్లు దీన్ని తిప్పి చేస్తారు. చలికి కిటికీ మూసేసి, పొగ పోవాలని తలుపు తీస్తారు. పొగ పసిగట్టే పరికరం ఉండేది వంటగదిలో కాదు, బయట నడవాలో. ఎండుమిర్చి మాడిన పొగ నేరుగా దానికి తగులుతుంది. స్టూడెంట్ హాస్టళ్లలో అది ఫైర్‌స్టేషన్‌కే కనెక్ట్ అయి ఉండొచ్చు. ఫైరింజన్ వచ్చినందుకు ఖర్చు మీ దగ్గర వసూలు చేసే అవకాశం ఉంది. అలారం మీద కవరు కట్టడం, బ్యాటరీ తీయడం అస్సలు చేయొద్దు.

పొయ్యి మీది చిమ్నీని నమ్ముకోకండి. చాలావాటికి బయటికి గొట్టం ఉండదు, గాలిని ఫిల్టర్‌లోంచి లాగి మళ్లీ గదిలోకే వదులుతాయి. నడవాలో తగిలించిన అందరి జాకెట్లకూ ఇంగువ వాసన పడుతుంది. పోపు పెట్టే ముందు మీ గది తలుపు కూడా మూయండి, లేకపోతే మర్నాడు క్లాసులో మీ స్వెట్టరే చెబుతుంది రాత్రి ఏం వండారో.

కుక్కర్ విషయం: అల్యూమినియం కుక్కర్ ఇండక్షన్ పొయ్యి మీద పనిచేయదు, అడుగున అయస్కాంతం అతుక్కునే స్టీలుదే తెచ్చుకోండి. మొదటిసారి విజిల్ వచ్చినప్పుడు పక్కగదిలోంచి పరుగెత్తుకొస్తారు. ముందే "ఇది మూడుసార్లు కూస్తుంది, పేలదు" అని చెప్పి పెట్టండి. రాత్రి పది తర్వాత కుక్కర్ వద్దు.

గిన్నెల దగ్గర మూడు తప్పులు పదేపదే చూస్తుంటాను. ఒకటి, ఎవరిదో నాన్‌స్టిక్ పాన్‌లో స్టీల్ గరిట తిప్పడం, స్టీల్ పీచుతో తోమడం. గీత పడిందంటే కొత్తది కొనివ్వాలి. రెండు, నల్లటి ఇనుప పాన్‌ను సబ్బుతో మెరిసేలా తోమడం. వాళ్లు ఏళ్ల తరబడి నూనె పట్టించుకున్న పాన్ అది, మన దోశ పెనం లాగే. మూడు, పసుపు. తెల్లటి కౌంటర్ మీద, వాళ్ల ప్లాస్టిక్ డబ్బాలో పడితే సబ్బుకు పోదు. డబ్బాను రెండు మూడు రోజులు ఎండ తగిలే కిటికీలో పెడితే చాలావరకు వెలిసిపోతుంది. కౌంటర్‌ను మాత్రం వెంటనే తుడవాల్సిందే.

ఫ్రిజ్‌లో మీ అర మీదే, పక్క అర పక్కవాళ్లదే. "కొంచెం పాలే కదా" అనుకోవద్దు, అడిగి తీసుకోండి. అడిగితే దాదాపు ఎవరూ కాదనరు, అడగకపోతేనే చీటీ వస్తుంది.

4. చలిలోనూ కిటికీలు తెరవండి

పొద్దున, సాయంత్రం ఐదు నుంచి పది నిమిషాలు కిటికీ పూర్తిగా తెరవాలి, ఆ కాసేపు హీటర్ కట్టేయాలి. ష్టోస్‌ల్యూఫ్టెన్ అంటారు, కొన్ని కాంట్రాక్టుల్లో రాసి కూడా ఉంటుంది. స్నానం, వంట, ఆరేసిన బట్టల తడి బయటికి పోకపోతే గోడకు బూజు పడుతుంది. దానికి కారణం ఎవరన్న తగవు డిపాజిట్ దాకా వస్తుంది. డిపాజిట్ మూడు నెలల ప్రాథమిక అద్దె వరకు ఉండొచ్చు, చిన్న మొత్తం కాదు.

సాధారణంగా చేసే తప్పు కిటికీని పైన కొద్దిగా వాల్చి రోజంతా వదిలేయడం. దానివల్ల గోడ చల్లబడుతుంది తప్ప తడి సరిగా పోదు. హీటర్ నాబ్ మీది 3 అంటే సుమారు 20 డిగ్రీలు. 5 మీద పెడితే గది త్వరగా వేడెక్కదు, ఎక్కువ వేడెక్కుతుందంతే.

సరిచూసుకోవడం: పొద్దున లేచేసరికి కిటికీ అద్దం లోపలివైపు నీళ్లు కారుతుంటే గాలి చాలడం లేదు. బయటి గోడకు ఆనించిన బీరువా వెనక నెలకోసారి టార్చి వేసి చూడండి. నల్లచుక్కలు కనబడితే ఫొటో తీసి ఓనరుకు అప్పుడే మెయిల్ పెట్టండి, దాచొద్దు.

5. చెత్త

ఎక్కువచోట్ల నీలం కాగితానికి, పసుపు ప్యాకింగ్‌కు, గోధుమరంగు వంటింటి చెత్తకు, నలుపు లేదా బూడిదరంగు మిగతా అన్నింటికీ. ఊరిని బట్టి రంగులు మారతాయి, మూత మీద చదవండి. మనవాళ్లు తడబడేవి ఇవి:

- నూనె అంటిన పిజ్జా డబ్బా కాగితంలోకి కాదు, నల్లదాంట్లోకి. షాపు బిల్లు కూడా నల్లదాంట్లోకే.
- పెరుగు డబ్బాకు రేకు మూత పూర్తిగా పీకి, రెండూ విడివిడిగా పసుపుదాంట్లో వేయాలి. కడగనక్కర్లేదు, ఖాళీ అయితే చాలు.
- టీ పొడి, కూరగాయల తొక్కలు, కరివేపాకు రెమ్మలు గోధుమరంగుదాంట్లోకి. ప్లాస్టిక్ సంచితో కలిపి మాత్రం వేయొద్దు, కాగితంలో చుట్టి వేయండి. వండిన అన్నం, మాంసం దాంట్లో వేయొచ్చా లేదా అన్నది ఊరిని బట్టి.
- జామ్, పచ్చడి సీసాలు వీధి చివర గాజు కంటైనర్లలోకి, తెలుపు, గోధుమ, ఆకుపచ్చ విడివిడిగా. నీలం సీసా ఆకుపచ్చదాంట్లో వేయాలి. పగిలిన నీళ్లగ్లాసు, కప్పు సీసాలతో కలపొద్దు, అవి నల్లదాంట్లోకి.

డబ్బా మీద స్టిక్కర్ అంటించి ఖాళీ చేయకుండా వెళ్లారంటే అందులో ఏదో తప్పు వేశారని. ఫిర్యాదుకు ఎవరూ ఉండరు, గ్లౌజులు వేసుకుని మీరే ఏరాలి.

సీసాల డిపాజిట్ వేరే సంగతి. చాలా ప్లాస్టిక్ సీసాలకు, క్యాన్లకు కొనేటప్పుడే 25 సెంట్లు కలిపి తీసుకుంటారు, మళ్లీమళ్లీ నింపే సీసాలకు సాధారణంగా 8 లేదా 15. ఖాళీవి సూపర్‌మార్కెట్ మెషిన్‌లో వేస్తే చీటీ వస్తుంది, దాన్ని కౌంటర్‌లో ఇస్తే డబ్బులిస్తారు. క్యాన్ నలిపేసినా, లేబుల్ చింపినా మెషిన్ తీసుకోకపోవచ్చు. బయట తిరిగేటప్పుడు వెనక్కి ఇచ్చే ఓపిక లేకపోతే సీసాను చెత్తకుండీ పక్కన నిలబెట్టండి, ఏరుకునేవాళ్లకు ఉపయోగపడుతుంది.

6. రాత్రి పది, ఆదివారం: గుర్తుంచుకోండి

రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా, ఆదివారం రోజంతా నిశ్శబ్ద సమయం. డ్రిల్లింగ్, వాక్యూమ్, గట్టి పాటలు వద్దు. గాజు సీసాలు కంటైనర్‌లో పడేయడం కూడా వద్దు. వాషింగ్ మెషిన్‌కు మీ ఇంటి నియమాల కాగితం ఏమంటే అదే.

ఇంటికి ఫోన్ చేసే వేళ మార్చుకోండి. చలికాలంలో మన టైమ్ ఇక్కడికన్నా నాలుగున్నర గంటలు ముందు, ఎండాకాలంలో మూడున్నర. ఇక్కడ సాయంత్రం ఐదింటికి చేస్తే అమ్మ ఇంకా మేలుకునే ఉంటుంది. ఇక్కడ రాత్రి పదకొండుకి స్పీకర్ పెట్టి మాట్లాడితే ఇద్దరి నిద్రా చెడుతుంది. పుట్టినరోజు పార్టీ ఉంటే రెండు మూడు రోజుల ముందే మెట్ల దగ్గర కాగితం అంటించండి, తారీఖు, మీ ఫోన్ నంబరు రాసి. కాగితం పెట్టినంత మాత్రాన తెల్లవార్లూ హక్కు వచ్చినట్టు కాదు గానీ, పోలీసులకు బదులు మీకు ఫోన్ చేస్తారు.

ఆదివారం షాపులు మూసి ఉంటాయి. బియ్యం, పాలు శనివారమే తెచ్చుకోండి. మరిచిపోతే పెద్ద రైల్వేస్టేషన్‌లోని షాపు, పెట్రోల్ బంకు, పొద్దున కొన్ని గంటలు తెరిచే బేకరీ, ఇవే దిక్కు. రేట్లు ఎక్కువ.

7. మొహమాటం పక్కన పెట్టండి

ఎవరింటికైనా వెళ్తే "కేక్ తింటావా?" అని ఒక్కసారే అడుగుతారు. మనం అలవాటుగా "వద్దండీ" అంటాం, రెండోసారి అడుగుతారని చూస్తాం. ప్లేటు అటు తిరిగి వెళ్లిపోతుంది. కావాలంటే మొదటిసారే అవుననండి. అలాగే వాళ్లు వద్దంటే బలవంతంగా వడ్డించకండి. మనకు అది మర్యాద, వాళ్లకు చెప్పిన మాట వినకపోవడం.

తల అడ్డంగా ఊపుతూ "సరే" అనే అలవాటును కాస్త కట్టేయండి, వాళ్లకది కాదన్నట్టు కనిపిస్తుంది. "చూద్దాంలే" అంటే వస్తానని కాదని మనకు తెలుసు, వాళ్లకు తెలియదు. రానంటే రానని చెప్పండి, ఏమీ అనుకోరు. వస్తానని రాకపోతే అనుకుంటారు.

శాకాహారులు ఒట్టి "వెజిటేరియన్" అంటే చాలదు. మాంసం, చేప, గుడ్డు తినను, మాంసం ఉడికించిన నీళ్ల సూపు కూడా వద్దు అని విడివిడిగా చెప్పండి. గమ్మీ మిఠాయిల్లో జెలటిన్ ఉంటుంది, ప్యాకెట్ చూడండి.

భోజనానికి పిలిస్తే చెప్పిన టైముకే వెళ్లండి, చేత్తో ఏదైనా పట్టుకెళ్లండి. ఊరి నుంచి తెచ్చిన పూతరేకులు ఉంటే ఇంకేం కావాలి, కాకపోతే తినే తీరు చూపించండి, కాగితం అనుకుని విప్పబోతారు. పుట్టినరోజుకు ముందురోజే శుభాకాంక్షలు చెప్పొద్దు, అపశకునం అనుకుంటారు. కేక్ తెచ్చేది పుట్టినరోజు వాళ్లే, మీ వంతు వచ్చినప్పుడు మీరు తేవాలి.

హోటల్లో బిల్లు ఎవరిది వారిదే. కట్టేటప్పుడు నోటు ఇచ్చి "డాంకె" (థాంక్స్) అంటే చిల్లర ఉంచుకోమన్నట్టు అర్థం చేసుకుంటారు. 18.20 బిల్లుకు 20 ఇవ్వాలనుకుంటే "20" అని నోటితో చెప్పండి, లేదంటే చిల్లర చేతికొచ్చేదాకా డాంకె అనకండి.

8. క్లాసు, టైము

టైమ్‌టేబుల్‌లో 10 పక్కన సి.టి. అని ఉంటే పది పదిహేనుకు మొదలు, ఎస్.టి. ఉంటే సరిగ్గా పదికి. "హాల్ప్ ఆఖ్ట్" అంటే ఏడున్నర, ఎనిమిదిన్నర కాదు. క్లాసు అయ్యాక అందరూ బల్ల మీద వేళ్లతో కొడతారు, చప్పట్లకు బదులు. మీరూ కొట్టండి.

ప్రొఫెసర్‌కు రాసే మెయిల్‌లో "రెస్పెక్టెడ్ సర్" వద్దు, ఆయన ఇంటిపేరుతో "డియర్ ప్రొఫెసర్" ఫలానా అని మొదలెట్టండి. ప్రశ్న రెండో వాక్యంలోనే రావాలి, కింద మీ మెట్రిక్యులేషన్ నంబరు, అంటే యూనివర్సిటీ ఇచ్చిన స్టూడెంట్ నంబరు ఉండాలి. పరీక్ష రాయాలంటే చాలాచోట్ల విడిగా రిజిస్టర్ కావాలి, గడువు దాటితే బతిమాలినా లాభం ఉండదు. మార్కులు 1.0 అన్నింటికన్నా మంచిది, 4.0 పాస్, 5.0 ఫెయిల్. ఈ ముక్క ఇంట్లో ముందే చెప్పండి, 1.3 వచ్చిందంటే నాన్నగారు కంగారు పడతారు.

9. వీధిలో

సైకిల్ దారిలో నడవొద్దు. పిల్లలు పక్కన ఉండగా రెడ్ సిగ్నల్ దాటొద్దు, పెద్దలు గట్టిగానే అంటారు. బస్సులో, రైల్లో టికెట్ లేకుండా దొరికితే 60 యూరోలు కట్టాలి. సూపర్‌మార్కెట్ బిల్లింగ్ కౌంటర్‌లో బెల్టు మీద మీ సామాన్ల వెనక అడ్డుకర్ర పెట్టండి, తిరిగి ట్రాలీలోకే వేసుకుని పక్కకెళ్లి సర్దుకోండి. క్యాషియర్ వేగాన్ని అందుకోవాలని చూడకండి. డాక్టర్ దగ్గర వెయిటింగ్ గదిలోకి అడుగుపెడుతూ అందరికీ కలిపి "గూటెన్ టాగ్" (నమస్కారం) అనాలి, అనకపోతే వింతగా చూస్తారు.

నెల తిరిగాక చూసుకోవలసినవి

పుట్స్‌ప్లాన్, అంటే ఇల్లు శుభ్రం చేసే వంతుల పట్టికలో మీ గడులన్నీ టిక్ అయ్యాయా? మీ పేరు మీద ఉత్తరాలు వస్తున్నాయా? డబ్బా మీద స్టిక్కర్ పడిందా? మిమ్మల్ని ఫ్లాట్ వాట్సాప్ గ్రూపులో చేర్చారా? చేర్చకపోతే అడగండి, మరిచిపోయి ఉంటారు.

ఫ్రిజ్ మీద చీటీ కనబడితే సారీలు రాస్తూ కూర్చోవద్దు. అందులో చెప్పిన పని ఆరోజే చేసి, ఎదురుపడినప్పుడు "తుట్ మియర్ లైట్, ఇస్ట్ ఎర్లేడిక్ట్" అనండి, అంటే క్షమించండి, ఆ పని అయిపోయింది అని. చీటీలో ఉన్నది మీ తప్పు కాకపోతే పట్టిక చూపించి "ఈ వారం వంతు నాది కాదు" అని నేరుగా చెప్పండి. గొంతు పెంచక్కర్లేదు, నవ్వి ఊరుకోనూ అక్కర్లేదు. ఊరుకుంటే వచ్చేవారం కూడా ఆ పని మీదే అవుతుంది.